కక్కు

ఏడురోడ్ల కాడ మేడమీద క్లినిక్కు.
మొగానికి తెల్లని క్రీము పూసి
ముప్పావుగంట కూర్చోబెట్టింది షంషాద్.
పెదాలు నావి కానట్టయినాక
చిన్న మిషను గుయ్యిమంది.

బుగ్గల మీద ఇసక రాలినట్టు, అంతే.
నుదుటికొచ్చేసరికి తెలిసింది.
పైపెదవి కాడ కండ్లనీళ్లు వాటంతటవే.
"ఊపిరి బిగబట్టొద్దక్కా" అంటా అద్దింది,
దూది మీద ఆవగింజలంత ఎర్రచుక్కలు.

నాయన గుర్తొచ్చినాడు.
సైకిలుకు సుత్తీ ఉలీ కట్టుకోని
"రోళ్లకు కక్కు కొడతామమ్మో" అని
శంకరాపురం సందుల్లో తిరిగినోడు.
నున్నబడిన రాయి పిండి నలపదు, గాయం చేయాల అనేటోడు.
నా మొగం నున్నబడి కాదులే,
పదహారేండ్లప్పుడు గిల్లుకున్న మొటిమల గుంటలు.

రెండ్రోజులు మంట. మూడోనాడు గరుకు, పొట్టు.
గిల్లబోయి చేయి వెనక్కి తీసుకుంటి:
కక్కు కొట్టినంక మొదటి పిండి
దానంతట అది రాలాల, పారబోయాల.

పసుపొద్దు, పౌడరొద్దు, వారం ఎండ తగలొద్దంట.
రాయచోటి బస్సులో కండక్టర్ని నేను.
గువ్వలచెరువు ఘాటులో ఎండ
ఏ కిటికీని అడిగి లోపలికొస్తాది?
చున్నీ చుట్టుకోని టిక్కెట్లు కొడతాంటే
"ఎవురు కొట్టినారు పాపా?" అని ఒక అవ్వ
పాలకోవా ముక్క చేతిలో పెట్టింది.

ఇంకా మూడు సిట్టింగులు. నెలకొకటి.
సగం పోతాయి, సగం ఉంటాయని షంషాద్ ముందే చెప్పింది.
ఆ మాటకే డబ్బు కట్టినా.

అద్దంలో ఇప్పటికైతే తేడా లేదు.
కక్కు సరిగా పడిందా లేదా
నాయన అరచేయి ఆనించి చూసేటోడు,
కండ్లు మూసుకోని.