పద్నాలుగో అధ్యాయం, లాకుల దగ్గర

ఆగండి, ఆ వేలు కాసేపు తెర మీంచి తీయండి.
నన్ను ఎటు పంపాలా అని మీరు ఆలోచిస్తుంటే
మోకాలిలోతు ఉప్పునీళ్ళలో
నేను నిలబడి గంటన్నరైందండి.

నా పేరు పేరంటాలు.
మొదటి పేజీలోనే మీరు దాన్ని మార్చి ఏదో పెట్టారు,
మా అమ్మకి నోరు తిరగలేదు.
కళ్ళు ఏ రంగని అడిగితే తేనె రంగన్నారు.
ఆషాఢంలో ఎర్రనీరు దిగినప్పుడు
వశిష్ఠ ఏ రంగులో ఉంటుందో ఎప్పుడైనా చూశారా?
ఆ రంగండి ఇవి.

మంత్రదండం ఇచ్చారు, వెండిదట.
చూరులో దోపేశాను.
నాకొచ్చిన విద్య కొక్కెం సూదిది.
నర్సాపురంలో షావుకారు గారి అరుగు మీద
డజనుకింతని లేసు అల్లుతూ
మా మేనత్త సూరమ్మ నేర్పింది.
గొలుసు, గొలుసు, ఒక తిప్పుడు, ముడి.
ముడిలో పోటు చిక్కుకుంటుంది,
విప్పితే పాటు.
అమావాస్యనాడు పది గజాల దారంతో
లంకంతా మునక్కుండా ఆపొచ్చు.
కానీ ముడికొక పేరు మరిచిపోవాలి.
అత్తకి చివరికి తన పేరు కూడా మిగల్లేదు,
"ఎవరమ్మా నువ్వు" అంటూనే
నాకు అన్నం కలిపి పెట్టేది.

ఇక పెళ్ళికొడుకులు.
గుర్రం మీద రాకుమారుడొకడు.
కొబ్బరితోటలో బోదెలు దాటుకుంటూ
గుర్రం ఎలా పరిగెడుతుందండీ?
మడ అడవిలో గంధర్వుడొకడు,
బురద మీద పాదం ఆనదట,
వెన్నెలుంటే తప్ప మాట్లాడడు.
మీరంతా వాళ్ళకేసే నొక్కారు. తప్పులేదు,
బొమ్మలు బాగా వేశారు.

లాకుల దగ్గర లస్కరొకడున్నాడు, మీరు గమనించలేదు.
ఏసుపాదం.
ఖాకీ చొక్కా, మోచేతి దగ్గర గ్రీజు మరక.
కథ మొత్తంలో అతనికి రెండే మాటలు:
"గేటు ఎత్తమంటారా?"
"చూసి, మెట్టుకి నాచు పట్టింది."
రెండోది నాతోనే అన్నాడు, ఏడో అధ్యాయంలో.
మీరు దాటేసి ముందుకెళ్ళిపోయారు.
నేను ఆ మెట్టు మీదే ఉండిపోయాను.
గంధర్వుడు నా పాదాల్ని తామరలన్నాడు.
జారతాయని చెప్పింది ఇతనొక్కడే.

ఇప్పుడేమో
సముద్రం ఏట్లోకి ఎగదన్నుకొస్తోంది.
మీ ముందు రెండు గడులు వెలుగుతున్నాయి:
ఊరిని కాపాడు.
ప్రేమను కాపాడు.
అతనుండేది ఊళ్ళోనే కదండీ!
ఆ రెండూ వేరని రాసినవాళ్ళెవరో గానీ
పొట్టకొచ్చిన చేలో ఉప్పు తేలడం చూసుండరు.

ముడి వేయక తప్పదు.
ఏ పేరు పోతుందో కూడా తెలుసు,
చివర చేరిన పేరే ముందు జారుతుంది.
అందుకే ఇందాక పంటు మీద కూర్చుని
జాకెట్టు చేతి అంచున
తెల్లదారంతో అయిదక్షరాలు అల్లుకున్నాను.
రేపు చదివి బోధపడకపోయినా
ఇదెవరి పేరండీ అని అడగడానికైనా
లాకుల దాకా నడుస్తాను.

లాకు సంగతి మీకు తెలీదేమో.
ఇటు నీరు ఎత్తు, అటు నీరు పల్లం.
మధ్య గదిలో పడవ ఆగుతుంది.
తూము వదిలాక
రెండు నీళ్ళూ ఒక మట్టానికొచ్చేదాకా
గేటు ఎవరు తోసినా కదలదు,
మంత్రగత్తె తోసినా సరే.
అతను గొలుసు పట్టుకుని
నీళ్ళకేసి చూస్తూ నిలబడతాడు.
బీడీ కూడా వెలిగించడు.

మీరూ ఈ ఒక్క రాత్రి అలా ఉండండి.
ఏమీ నొక్కకండి.
తెర ఆరిపోతే ఆరిపోనివ్వండి, ఆయ్.

దారం బిగుస్తోంది.
వేళ్ళ సందుల్లో నీరు గడ్డపెరుగులా ఆగింది.

లస్కరు గారూ,
మీకో పేరుండాలి, నా చేతి అంచున రాసుంది,
ఇక్కడ చీకటి, కనపడ్డం లేదు.
గేటు ఎత్తండి.