తలుపు తట్టి మళ్లడం

సిరొంచ పోస్టాఫీసు, వెనక గది.
ఫ్యాను వేస్తే రూటర్ లైట్లు కొంచెం మసకేస్తయి.
పింగ్ పంపితే నాగపూర్ సర్వర్ పలకదు,
పలకొద్దని దానికెవరో కట్టడి చేసిన్రట.

అందుకే ప్రోబ్‌కు వేరే మర్యాద నేర్పుతున్న:
నాలుగు వందల నలభై మూడో తలుపు తట్టు.
"ఉన్నవా?"
"ఉన్న. నువ్వున్నవా?"
"ఉన్న."
అంతే. లోపలికి పోకు, ఏమీ అడగకు,
ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో రాసుకుని మళ్లు.
ఐదు నిమిషాలకు ఇరవై సార్లు.
మూడు సెకన్లు దాటితే పోయినట్టే లెక్క.

"మూడేనా?" అన్నది కిటికీ కాడ దుర్గం పోశక్క,
పింఛను కోసం బొటనవేలు కొంగుకు తుడుచుకుంట.
వంతెన లేని రోజుల్ల
ప్రాణహిత అవతలి పడవాయనకు కేకేసి
చుట్ట ఒకటి అయిపోయేదాక ఆగేదట.
"వరదొస్తే రెండు చుట్టలు.
పలకకపోతే పోయినట్టేనా పిల్లా?
గాలి ఎదురున్నదేమో."

నేనేమనలే.
ఫైలు మళ్ల తెరిచి
మూడు కొట్టేసి ఐదు రాసిన.

నాలుగింటికి గ్రాఫు మీద గీత వణికి
పొగలెక్క పరుచుకున్నది.
ఇరవైలో పదకొండు తిరిగొచ్చినయి.

పోశక్క వేలు
ఇంకా యంత్రం మీదనే ఉన్నది.