పదిహేడో ప్రశ్న

డండీలో చర్మవ్యాధుల క్లినిక్.
కిటికీ సందుల్లోంచి నది చలి.
పదిహేడో ప్రశ్న దగ్గర
మోరాగ్ చేతిలో పెన్ను ఆగింది:

గత నెలలో డబ్బుల్లేక
ఇంట్లో ఎవరైనా ఒక పూట మానుకున్నారా?

లేదు దగ్గర టిక్కు పెట్టింది,
కాగితం చిరిగేంత గట్టిగా.

తొమ్మిదేళ్ళ ఐలీ మోచేతులు
ఎర్రగా కంది, పైన తెల్లటి పొలుసులు.
ఒంటికి కాపలా ఉండాల్సిన సైన్యమే
ఒంటి మీదికి దండెత్తిందని డాక్టరు చెబితే
"దానికీ ఆకలేసిందేమో" అంది.

ఎవరం నవ్వలేదు.

"గురువారాలు అమ్మకి ఆకలెయ్యదు.
నాకూ వెయ్యకుండా నేర్చుకుంటున్నా."

మోరాగ్ కోటు గుండీలు పెట్టుకుంది,
పెట్టుకున్నవే మళ్ళీ.

సాయంత్రం కంప్యూటర్లో ఐలీ ఒక వరుస.
పదిహేడో గడిలో సున్నా.
సంబంధం ఉంది అని రాయొచ్చు,
కారణం అని రాయకూడదు.
ఆ జాగ్రత్త కుర్రాళ్ళకి నేర్పేది నేనే.
సున్నా మీద కర్సర్ కొట్టుకుంటోంది,
మార్చే హక్కు నాకు లేదు.

దారిలో బేకరీ మూసేస్తున్నారు.
మిగిలిన రొట్టెలు నల్ల సంచిలోకి.

చూస్తూ నిలబడి
మోచెయ్యి గోక్కున్నాను.
అక్కడేమీ లేదు.