ఇరవై ఎనిమిది వాటాలు

గుణుపురంలో కుళాయి తెల్లారి అయిదింటికి దగ్గుతుంది.
ముందు గాలి, తర్వాత తుప్పు,
ఆ తర్వాత వంశధార.
నాలుగు బిందెలూ బకెట్టూ నిండాక
ఆఖర్న నా యంత్రం పట్టుకెళ్తాను,
అరగ్లాసు నీళ్ళు పట్టే తొట్టి దానికి.

ఈ నీళ్ళ కోసమే రెండు రాష్ట్రాలు
ఏళ్ళ తరబడి కాగితాలు రాసుకున్నాయి.
ఎవరికెంతో నాకు తెలీదు.
నేనైతే పూటకి ఇరవై ఎనిమిది వాటాలు వేస్తాను.
ముప్పై రెండు కాదు.
తీగ కట్టే ముందే నాలుగింటిని పీకేశారు విశాఖలో,
చోటు కోసం.

నలభై రెండేళ్ళ దానికి పళ్ళకి కంచేమిటని
వీధి వీధంతా నవ్వింది,
కొందరు ఒరియాలో, కొందరు తెలుగులో.
జాకెట్లు కుట్టి దాచిన డబ్బు, నా ఇష్టం.
ఇరవయ్యేళ్ళు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని
కొలతలు తీశాను.
నోరు తెరవకుండా ఉండటానికి అదో మంచి సాకు.
ఇప్పుడు సూదులు నిలవవు, తీగకి తగిలి జారిపోతాయి.
పని నేర్చుకునే సవర పిల్ల సుమంతి తొంగి చూసి
"అక్కా, హుక్కులు కుట్టించుకున్నావా?" అంది.
నిజమే, పంటికో హుక్కు, మధ్యలో పరుగు కుట్టు.
విప్పడానికి రెండేళ్ళు.
ఇదివరకు నా ఒరియాలో తెలుగు యాస దొరికిపోయేది.
ఇప్పుడు రెండు భాషలూ సమానంగా నత్తి.

మొదటిరోజు తెలీక, నోరు తెరిచే మీట నొక్కాను.
అద్దం తడిసింది, కేలండరు తడిసింది,
మర్నాడు ఇవ్వాల్సిన పట్టు జాకెట్టు గుడ్డ కూడా.
మెల్లగా అలవాటైంది:
సింకు మీదికి వంగాలి, మొన లోపల పెట్టాకే మీట,
పెదాలు సగం మూసి నీళ్ళని గడ్డం మీదుగా పోనివ్వాలి,
చిగురంచు వెంట, హుక్కు కిందా, హుక్కు పైనా,
ఆగి, ఆగి.
దారం లేని చేతికుట్టు.
వారం రోజులు నీళ్ళు గులాబీరంగులో పడ్డాయి.
భయపడి ఫోను చేస్తే డాక్టరు అన్నాడు,
ఇన్నాళ్ళూ వాటినెవరూ పలకరించలేదు కదమ్మా.
తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి,
పఖాళ మెతుకు, గోంగూర నార,
బ్రష్షు ఎప్పుడూ చూడని ఒక నువ్వుగింజ.

మా అత్త దాలమ్మ గుమ్మంలో కూర్చుని చూసేది.
అడ్డచుట్ట ఆమెది,
నిప్పున్న కొస నోటి లోపల.
"ఏటే, నోట్లోకి కుళాయెట్టుకుంటన్నావు?"
రోజూ అదే ప్రశ్న. జవాబు కోసం కాదు.

ఒక రాత్రి కరెంటు పోయింది.
యంత్రంలో చార్జింగుంది.
"నాకూ ఒకపాలి ఎట్టే" అంది చీకట్లోంచి.

పందొమ్మిదేళ్ళలో ఆ నోరు లోపల చూడలేదు నేను,
అందులోంచి వచ్చినవే తెలుసు.
సుమంతి సెల్‌ఫోను వెలుతురు పట్టింది.
పొగచూరిన వంటింటి పైకప్పులా అంగిలి.
అయిదు పళ్ళు,
ఒకదానితో ఒకటి మాటల్లేని ఇళ్ళలా దూరదూరంగా.
అన్నిటికన్నా తక్కువ ఒత్తిడి పెట్టాను.
ఉలిక్కిపడి నా మణికట్టు పట్టుకుంది.
ఆపమనలేదు, వదల్లేదు.
బొగ్గునీళ్ళు దిగాయి, ఒక పొగాకు ఈనె,
తర్వాత చాలాసేపు ఉత్త నీళ్ళే.

"సల్లగుందే."
పెదాలు తడుముకుంది. చుట్ట వెతకలేదు.
"మాయమ్మ సచ్చిపోతన్నాదంటే
నోట్లో నీల్లు పోద్దుమని బైలెల్లాను.
ఏరొచ్చీసింది. గట్టున కూకుండిపోనాను."

మొన కడుగుతున్నాను నేను.

"ఇయి ఏటి నీల్లేనా?"
"ఏటివే."
"మనయ్యా, ఆల్లయ్యా?"

సుమంతి నా వైపు చూసింది, నేను బకెట్టు వైపు.
అడుగున ఇంకో అరగ్లాసు ఉంది.
నా ఇరవై ఎనిమిదీ ఇంకా మిగిలే ఉన్నాయి.