తరుగుదల

ఫిబ్రవరి ఆఖరు. డులూత్‌లో సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది,
నా తెరమీద పన్నుల సాఫ్ట్‌వేరూ అంతే.
ఎదురు కుర్చీలో ఆర్వో కిన్నునెన్
టోపీని మోకాలికి తొడుగుతాడు, తీస్తాడు, మళ్లీ తొడుగుతాడు.
"లెక్కిస్తోంది" అంటుంది తెర.
ఏం లెక్కిస్తోందో దానికే తెలియాలి.
ముసలాయనకి ఒక పింఛను, ఒక పడవ, పడవ మీద ఒక అప్పు;
చేతివేళ్లు చాలు.
నీలం చక్రం మాత్రం గానుగెద్దులా
తిరిగినచోటే తిరుగుతోంది.

కంపెనీకి ఫోన్ చేస్తే ఇరవై నిమిషాల పియానో,
ఆ తర్వాత ఒక మర్యాద గొంతు:
"మీ మెషీన్ పాతదేమోనండీ, మార్లిస్ గారూ."
ఎనిమిదేళ్లది. పాతదే.
నాకు అరవై మూడు. ఆ మాట ఇంకా నన్నెవరూ అనలేదు,
మొహం మీద.

అలా వచ్చాడు కూ వాంగ్, కొండమీది మరమ్మతు కొట్టు కుర్రాడు,
ఒక చేతిలో స్క్రూడ్రైవర్ల సంచీ,
ఇంకో చేతిలో వాళ్లమ్మ కట్టిచ్చిన అన్నం డబ్బా.
పక్క రేకు విప్పగానే
ఎనిమిది శీతాకాలాల దుమ్ము,
ఫ్యాను రెక్కలకి చుట్టుకుని తెల్లటి బొచ్చు.
"పిల్లి ఉందా మీకు?"
"ఉండేది."
బొచ్చుని చెత్తబుట్టలో వేయలేదు అతను.
చిన్న కవర్లో పెట్టి బల్లమీద ఉంచి
మళ్లీ స్క్రూల మీదకి వంగాడు.

ముందు ర్యామ్ రెట్టింపు.
చక్రం కాస్త హుషారుగా తిరిగింది. తిరగడం మానలేదు.
తర్వాత పాత డిస్కు తీసేసి
చూయింగ్ గమ్ రేకంత కొత్తది.
ఇప్పుడు కంప్యూటర్ రెప్పపాటులో లేస్తుంది,
నాకంటే ముందే, కాఫీ అడక్కుండా.
మార్చి మధ్యలో ప్రాసెసర్.
దాని నెత్తిన టూత్‌పేస్టులాంటిదేదో బఠాణీ గింజంత పెట్టి,
పసిపాపకి ఆముదం అద్దినట్టు అద్దాడు కూ.
మొత్తం పదమూడు వందల నలభై డాలర్లు.
గుర్రానికి కొత్త నాడాలు, కొత్త జీను, నానబెట్టిన ఉలవలు;
రౌతు దారిమధ్య గుర్రు పెడుతున్నాడు.

"చూడండి," అన్నాడు కూ, తెరమూల వేలుతో చూపిస్తూ,
"మీ మెషీన్ నూటికి మూడు వంతులే పనిచేస్తోంది.
మిగతాదంతా ఖాళీగా కూర్చుంది.
ఎక్కడో వాళ్ల సర్వరు పలకాలి."
అచ్చం ఆర్వోలాగే, అనుకున్నాను.
టోపీ ఒక్కటే తక్కువ.
డబ్బు తీసుకోవడానికి కూ మొహమాటపడ్డాడు.
నేను పడలేదు, ఇచ్చేశాను.

ఏప్రిల్ పదమూడు, రాత్రి.
ఊళ్లోవాళ్లవన్నీ ఎలాగో పంపేశాను. మిగిలింది నాది.
మెషీన్ ఖర్చు నా రిటర్నులో చూపించాలి కదా:
తరుగుదల పట్టీ, ఐదేళ్లు.
కొన్న తేదీ కొట్టాను. ఖరీదు కొట్టాను. ఎంటర్.
"లెక్కిస్తోంది."
నువ్వు నడుస్తావనేగా ఇదంతా కొన్నది,
ఆ బిల్లు చూసే కూలబడ్డావా!
నవ్వొచ్చింది.
అరగంటకి ఆ నవ్వు ఎటుపోయిందో.

సొరుగు లాగాను.
పాత ర్యామ్ బిళ్లలు, పిల్లి కవరు, అడుగున పెన్సిలు.
బయట రేవు దగ్గర వంతెన లేస్తున్న గంట,
ఖనిజం ఓడ ఏదో లోపలికొస్తోంది.
ఇటు నాలుగు కార్లు, అటు నాలుగు ఆగి ఉంటాయి;
ఎవరూ హారన్ కొట్టరు, ఓడ కనిపిస్తుంది గనక.
పసుపు కాగితం మీద, కంసాలి తరుగు తీసినట్టు,
ఏడాదికింత, ఏడాదికింత గీరి తీశాను.
పదకొండు నిమిషాలు. మధ్యలో ఒకసారి రబ్బరు.

పన్నెండున్నరకి చక్రం ఆగింది.
తెర చెప్పిన మొత్తానికీ నా మొత్తానికీ
ఒక్క డాలరు తేడా.
తప్పు దానిదే.
ఏమో, నాదేనేమో.
పెన్సిలు చెక్కుకుని పైనుంచి మళ్లీ మొదలుపెట్టాను.
"సేవ్ చేయమంటారా?" అని మెరుస్తోంది తెర,
ఆగి, మళ్లీ మెరుస్తోంది.

ఉండు, అన్నాను.
లెక్కిస్తున్నాను.