లంగరు ఖర్చు

రాణిగారితోటలో రెండు గదులకి ఆరువేల ఐదొందలు,
కరెంటు వేరే, మోటారు నీళ్లు వేరే.
వరదొచ్చి బియ్యం డబ్బా తేలిపోయిన రోజు
రాహేలే అంది ముందు:
"ఎటూ నీళ్లలోనే ఉండేదానికి అద్దెందుకు?"

అట్లా కొన్నాం ఈ లాంచీని.
ఇసుక రేవు మూసేశాక సీతానగరం ఒడ్డున
ఒక పక్కకి ఒరిగి పడున్నదాన్ని,
ఇంజిన్ ఆటోనగర్ తుక్కు ధరకి, చెక్క ఊరికే.

అద్దె పోయింది. పడవ ఆకలి వచ్చింది.
తారు తింటుంది, మేకులు తింటుంది,
ఏడాదికో పలక నమిలేస్తుంది.
డీజిల్ సంగతి అడగొద్దు, అది తాగుడు.

ఇరవై రెండేళ్లు బల్లకట్టు ఇంజిన్ నడిపిన చెయ్యి నాది.
స్టార్టు కొట్టకుండా ఊరుకోవడం నేర్చుకోడానికి
ఒక ఎండాకాలం పట్టింది.
మూడు దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది,
బ్యారేజీ మీద లారీల పొగ మోసుకుంటూ.
దానికి ఎదురుగా ఒక ఫ్లెక్సీ కట్టాను,
బీసెంట్ రోడ్డు నగల కొట్టువాళ్లు దింపి పారేసింది.
వడ్డాణం పెట్టుకున్న పెళ్లికూతురు
పొట్ట ఉబ్బించుకుని
మమ్మల్ని ఇబ్రహీంపట్నం దాకా లాక్కుపోతుంది.
రాహేలు సిగ్గుపడి తలకిందులుగా కట్టమంది.
వచ్చేటప్పుడు ఏరే తెస్తుంది,
దానికెప్పుడు తోస్తే అప్పుడు.

నెలకోసారి ముక్కు మూసుకుని మునిగి
కొబ్బరి చిప్పతో అడుగు గీకుతాను.
వేలెడు నాచుకి లీటరు దండగ.
బరువూ దండగే.
బీరువా అమ్మాం. మంచం అమ్మాం.
నా ఖాకీ చొక్కాలు జాన్ సైదా పట్టుకుపోయాడు.
రుబ్బురోలు దగ్గర మాత్రం
రాహేలు దాని మీదే కూర్చుండిపోయింది.
వాళ్లమ్మ దుగ్గిరాల నుంచి ప్యాసింజర్లో
టికెట్ లేకుండా తెచ్చిన రాయి అది.

ఆ శ్రావణంలోనే లంగరు తెగి ఏటి పాలైంది.
కొత్తది రెండువేల ఎనిమిదొందలన్నారు.
నేను రోలు వైపు చూశాను.
తను నా వైపు చూసింది.
మూడు రోజులు మాటల్లేవు.
నాలుగో పొద్దున లేచేసరికి
నైలాన్ తాడుతో ఉట్టి అల్లుతోంది,
రోలుకి సరిగ్గా పట్టేంత.

వారమంతా అది బురదలో కూర్చుని
మమ్మల్ని పట్టుకుని ఉంటుంది.
ఆదివారం ప్రార్థన అయ్యాక ఇద్దరం లాగుతాం పైకి.
మూడుసార్లు కడుగుతుంది, నాలుగోసారి వాసన చూస్తుంది.
గోంగూర, పండుమిరప, వెల్లుల్లి.
పొత్రం తిరిగేకొద్దీ పడవా కదులుతుంది,
ఆపేది ఒళ్లో ఉంది కాబట్టి.
ఘాట్ మెట్లు జరుగుతాయి.
బట్టలుతికేవాళ్లు జరుగుతారు.
బ్యారేజీ గేట్లు కాస్త పెద్దవవుతాయి.
నేను గడ అందుకుంటే
"ఉండు, ఇంకా మెదగలేదు" అంటుంది.

లెక్కల పుస్తకంలో అంతా తన చేతిరాతే.
తారు రెండొందల నలభై. బల్బు అరవై.
ఉప్పు. తాడు.
ఆదివారం కింద ఒకే వరస:
పచ్చడికి, నూట పది గజాలు.