అరటికెట్

నేను నల్లకోటు దాన్ని గాదు.
పాలమూరు డిపోల ఇరవై ఎనిమిదేండ్లు
ఖాకీ తొడిగి చిల్లర లెక్కగట్టిన దాన్ని.
ఇప్పుడు నా సంచిల మిషన్ లేదు.
రెండు ఫైళ్లున్నయి, ఒక బిస్కెట్ పుడ.
బాలల సంక్షేమ సమితి ముందర
పిల్లల దిక్కు నిలవడి మాట్లాడే పని.
జీతం లేదు. కుర్చీ ఉంటది,
ఎవరన్న పెద్దమనిషి వస్తే అదీ ఉండది.

ఒక ఫైలు జమ్ములమ్మది. తొమ్మిదేండ్లు, బాలసదనం.
ఇంకోటి తమ్ముడు కురుమూర్తిది. నాలుగేండ్లు, శిశుగృహ.
తల్లి పుణె దిక్కు కట్టే బిల్డింగు కాడ పోయింది.
తండ్రి ఆచూకీ లేదు.
ఆ ఒక్క ముక్క టైపు కొట్టనీకె
ఆఫీసుకు నాలుగు నెలలు వట్టింది.
రెండు గేట్ల నడుమ ఆటోల పది నిమిషాలు,
అక్కాతమ్ముడు కలిసేది నెలకొక్క ఆదివారం.

కొత్తకోటల ఒక జంట ముందుకొచ్చిన్రు.
మంచోళ్లే, అబద్ధమెందుకు.
ఉయ్యాల కొక్కేనికి కొత్త రంగేసి పెట్టుకున్నరు.
"పిల్లగాడొక్కడు చాలమ్మా,
ఐదేండ్ల లోపోడైతే పాతది మర్చిపోతడు."
నేను రాసుకున్న.

ఒకసారి తీస్కపోయి చూపియ్యుమన్నది సమితి.
అక్కను గూడ అని నేనే అడ్డం వడ్డ.
గద్వాల బస్సు, మా కిటికీకి అద్దం లేదు.
కండక్టరు కొత్త పిల్లగాడు,
మాకిద్దరికి సున్నా టికెట్లు గొట్టిండు.
"బాబుకెన్నేండ్లు?"

నేను నోరు తెరవకముందే
"నాలుగు సార్. నాలుగే" అన్నది జమ్ములమ్మ.

ఆ గొంతు నాకెరుక.
పెబ్బేరు సంత రోజు, జాతర బస్సుల,
బొంబాయి మూటల మీద కూసోని
ఎంతమంది తల్లులు నా మొకం జూడకుంట
అదే లెక్క చెప్పిన్రో!
బడికి పోయే పిల్లలను సంకలకెత్తుకొని,
మోకాళ్లు వంచి నిలవడుమని గిచ్చి.
కొన్నిసార్లు పట్టుకున్న.
కొన్నిసార్లు కిటికీ దిక్కు చూసిన.

"నవ్వు బిడ్డా" అన్న. నవ్విండు.
ముందటి పండ్లు రెండు లేవు.
నెత్తి మీదికెల్లి చెయ్యేసి ఆ పక్క చెవి ముట్టుమన్న.
ముట్టిండు, మెలివెట్టి మరీ చూపిండు.

ఆరేండ్లు నిండినోడు.
పోలీసు కాయితంల నాలుగు, ఫైల్ల నాలుగు,
అంతటా ఈ పిల్ల చెప్పిన నాలుగే.
"అమ్మ గట్లనే చెప్పుమన్నది,
లేకుంటె నడుమల దించేస్తరంట."

అరటికెట్ తీస్కున్న.
దొంగను పట్టిచ్చినదాన్ని చూసినట్టు
చూసింది నన్ను.
భూత్పూర్ దాటినా మాట లేదు.

సమితి బల్ల మీద ఆ టికెట్ వెట్టిన.
"వానికి ఊహ వచ్చింది మేడం.
అమ్మ చీర రంగు చెప్తడు, అక్క పక్కన్నే పండుతనంటడు.
మర్చిపోతడని ఇస్తే అది తప్పు లెక్క."
మేడం టికెట్ తిప్పి చూసింది.
"దీన్ని సాక్ష్యం అంటరా?"
"ఏమంటరో నాకు తెల్వది.
వాని అసలు వయసుకు
లోకంల ఉన్న కాయితం గిదొక్కటే."

ఎముకల పరీక్షకు రాసిన్రు.
వాయిదా పద్దెనిమిదికి.
కొత్తకోటకు ఫోన్ చేస్తే ఆమె శాన సేపు ఏమనలే.
"ఇద్దరా" అన్నది.
ఎనుక కుక్కర్ కూతేసింది, పెట్టేసింది.

గేటు కాడ దిగినప్పుడు జమ్ములమ్మ అడిగింది,
తమ్మున్ని దించేస్తరా అని.
లేదనలేక పోయిన. అవుననలేక పోయిన.

చిల్లర లేకుంటె టికెట్ ఎనుక రాసిచ్చేదాన్ని,
దిగేటప్పుడు అడుగుమని.
పెద్దోళ్లు ఎందరో మర్చిపోయి దిగిపోయేటోళ్లు.
పిల్లలు మాత్రం
ఫుట్ బోర్డ్ మీద చెయ్యి చాపి నిలవడేటోళ్లు.

టికెట్ ఫైల్లనే ఉండిపోయింది.
డైరీల కాయితం చింపి రాసిన:
ఇద్దరు, ఒక్క ఇల్లు. బాకీ.
కింద సంతకం.

జమ్ములమ్మ కూడబలుక్కుంట సదివింది.
మడిచి కంపాస్ డబ్బల వెట్టబోయి
మళ్ల తీసి నా చేతికిచ్చింది,
తారీకు ఎయ్యలేదని.